దూరప్రయాణానికి బండి సిద్ధం: చార్జింగ్ వైరు, మ్యాపు ఫోను, సామాను సంచులు

మా మేనల్లుడు కావలిలో ఉద్యోగం చేస్తాడు. పోయిన సంక్రాంతికి 2019 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, నేరుగా ఒంగోలులో మా ఇంటికి తెచ్చాడు. వెనక సీటు మీద అట్టపెట్టె కట్టి ఉంది. అందులో ఫోన్ హోల్డరు, యూఎస్‌బీ చార్జరు, రెండు శాడిల్ స్టేలు (సంచులను పట్టుకునే ఇనుప చట్రాలు), ఒక జత శాడిల్ బ్యాగులు (బండికి రెండు పక్కలా వేలాడే సంచులు), ఒక టాప్ బాక్సు. "మామా, ఈ ఆదివారం బిగించేస్తే వచ్చే ఆదివారం శ్రీశైలం పోదాం" అన్నాడు. నేను రెండు ఆదివారాలు కావాలన్నాను. ఆ రెండు ఆదివారాల్లో మేము చేసిన పని ఇది. మీది వేరే బండి అయినా పద్ధతి మారదు.

నేను చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలో మెకానికల్ ఫోర్‌మన్‌ని. గెలాక్సీ రాయి ఘనమీటరు మూడు టన్నులకు దగ్గరగా తూగుతుంది. బ్లాకును ట్రైలర్ మీద పెట్టాక డ్రైవరు గొలుసులు బిగించి బయల్దేరతాడు, కొద్ది దూరం పోయాక ఆపి, దిగి, మళ్ళీ బిగిస్తాడు. రోడ్డు కుదుపులకు బ్లాకు సర్దుకుంటుంది, గొలుసు వదులవుతుంది. బండి మీద ఎనిమిది కిలోల సంచీ కూడా అంతే. అందుకని బండికి ఏది బిగించినా నేను ముందు చూసేది ఒకటే: దీని బరువు, దీని అదురు ఎక్కడికి పోతున్నాయి? ఫ్రేములోకి పోతుంటే సరే. ప్లాస్టిక్ మీదికో, ఇండికేటరు కాడ మీదికో, వైరు మీదికో పోతుంటే ఆ పని విప్పి మళ్ళీ చేయాల్సిందే.

ముందు వైరు

మావాడు సంచులతో మొదలుపెడదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. వైరు లాగాలంటే సీటు, ట్యాంకు తీయాలి, స్టేలు బిగించాక సైడు ప్యానెళ్ళ దగ్గర చెయ్యి దూరదు. ఇంకో కారణం నా అనుభవం.

2018లో నేను మొదటిసారి శ్రీశైలం పోయేటప్పుడు ఒక షాపులో చార్జరు పెట్టించుకున్నాను. వాళ్ళు బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి హ్యాండిల్ దాకా తెచ్చారు. ఫ్యూజు లేదు. స్టీరింగ్ మెడ దగ్గర వైరుకు వదులు లేదు. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ఆ వైరు ఫ్రేముకు రాసుకుని, పైతొడుగు అరిగిపోయింది. మార్కాపురం దాటి దోర్నాల చేరబోతుంటే కాలిన ప్లాస్టిక్ వాసన, ట్యాంకు కింద నుంచి పొగ. తాళం ఆపేశాను. పొగ ఆగలేదు. వైరు బ్యాటరీకి నేరుగా కలిపి ఉంటే తాళంతో దానికేం సంబంధం? పక్కన మా ఆవిడ నిలబడి ఉంది, పైన పదిహేను లీటర్ల ట్యాంకు. సీటు పీకి, బ్యాటరీ టెర్మినల్ విప్పేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ అర నిమిషం తలుచుకునే నేను ఇప్పటికీ ఎవరి బండి చూసినా ముందు ఫ్యూజు ఎక్కడుందని అడుగుతాను.

కాబట్టి లెక్కతో మొదలుపెట్టండి. 18 వాట్ల చార్జరు 12 వోల్టుల మీద ఒకటిన్నర ఆంపియర్ లాగుతుంది, లోపల పోయే నష్టం కూడా కలిపి రెండు అనుకోండి. దానికి 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. రేపు ఇంకో చిన్న వస్తువు కలపాలనుకుంటే 5. చేతిలో ఉంది కదా అని 15 వేయకండి. ఫ్యూజు ఉండేది ఫోను కోసం కాదు, వైరు కోసం. వైరు వేడెక్కే లోపే అది ఎగిరిపోవాలి. ఫ్యూజు హోల్డరు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే ఉండాలి. హ్యాండిల్ దగ్గర పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరుకు ఏ రక్షణా ఉండదు. వైరు ఒక చదరపు మిల్లీమీటరు రాగిది తీసుకోండి, ఇంతకన్నా సన్నది వద్దు.

తాళం ఆపితే చార్జరు కూడా ఆగాలంటే నాలుగు కాళ్ళ రిలే, అంటే కరెంటుతోనే పనిచేసే స్విచ్చు, ఒకటి కావాలి. కాళ్ళ పక్కన నంబర్లు ఉంటాయి. 30కి ఫ్యూజు నుంచి వచ్చే ప్లస్. 87 నుంచి చార్జరుకు. 85 ఎర్తు. 86కు, తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు. మేము దాన్ని టెయిల్ ల్యాంపు వైరు నుంచి తీశాం. వైరు రంగు చూసి నమ్మకండి, టెస్ట్ ల్యాంపు పెట్టి చూడండి: తాళం తిప్పితే వెలగాలి, ఆపితే ఆరాలి. రిలే పెట్టని బళ్ళలో చార్జరు మీద ఉండే చిన్న వోల్టు మీటరు రోజుల తరబడి వెలుగుతూనే ఉంటుంది. వారం పాటు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ పడదు.

పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు విప్పండి, చివరన బిగించండి. మైనస్ విప్పేసి ఉంటే, ప్లస్ విప్పుతున్న స్పానర్ పొరపాటున ఫ్రేముకు తగిలినా ఏమీ కాదు. వరస తప్పితే నిప్పురవ్వలే.

వైరును ఫ్రేము మధ్య గొట్టం వెంబడి, బండి సొంత హార్నెస్‌కు (వైర్ల కట్టకు) ఆనించి తీసుకెళ్ళి, జానెడుకో కేబుల్ టై వేశాం. ఇంజను హెడ్డు వైపు, సైలెన్సర్ వైపు పోనివ్వలేదు. స్టీరింగ్ మెడ దగ్గర మాత్రం తొందర పడకండి. ఇక్కడ వైరుకు మడతలున్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి, టై బిగించకుండా వదిలేసి, మావాణ్ణి హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పమన్నాను. నేను టార్చి వేసి కింద నుంచి చూశాను. ఎడమకు తిప్పితే వైరు బిగుసుకుంటోంది. రెండంగుళాలు వదిలాం. కుడికి తిప్పితే ఆ వదిలిన ఉచ్చు ఫ్రేముకూ ఫోర్కుకూ మధ్య నలుగుతోంది. అంగుళం లాగాం. ఇరవైసార్లు తిప్పించి, ఎక్కడా లాగట్లేదు, ఎక్కడా నలగట్లేదు అనుకున్నాకే టై బిగించాను. ఈ ఒక్క పనికి అరగంట పట్టింది. ఎంత పట్టినా సరే చేయండి.

అతుకులకు సోల్డరింగ్ కన్నా మంచి క్రింపింగ్ (లోహపు తొడుగుతో వైరును నొక్కి పట్టించడం) మేలు. సోల్డరు పట్టిన చోట వైరు గట్టిపడి, వైబ్రేషన్‌కు దాని పక్కనే తెగుతుంది. క్రింప్ చేసి, వేడికి ముడుచుకుని పట్టేసే హీట్ ష్రింక్ స్లీవు వేస్తే వానకూ ఆగుతుంది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ప్రయాణాలకు అనువైన కాలం కూడా అదే కాబట్టి నీళ్ళు దిగే చోటేదో ముందే ఆలోచించండి. యూఎస్‌బీ సాకెట్ నోరు పైకి పెట్టకండి. మా క్వారీ దుమ్ముకు పైకి నోరున్న సాకెట్లు నెలలో పాడవుతాయి.

మ్యాపు ఫోను

విడిగా జీపీఎస్ యంత్రం కొనాల్సిన అవసరం నాకు కనిపించలేదు. పాత ఫోను ఒకటి దీనికే కేటాయించండి, మీ అసలు ఫోను జేబులో ఉంచుకోండి. రెండు లాభాలున్నాయి. బండి పడి ముందు ఫోను పగిలినా మాట్లాడటానికి ఒకటి మిగులుతుంది. రెండోది కెమెరా. ఇప్పటి ఫోన్ల కెమెరాల్లో బొమ్మ కదలకుండా లెన్సును సర్దే చిన్న యంత్రాంగం ఉంటుంది. పెద్ద ఇంజన్ల వైబ్రేషన్‌కు అది పాడయ్యే ప్రమాదం ఉందని ఆపిల్ సంస్థే 2021 సెప్టెంబరులో తన వినియోగదారులను హెచ్చరించింది. సింగిల్ సిలిండర్ బండి అదురు మీకు తెలియనిది కాదు. హోల్డరుకూ బిగింపుకూ మధ్య రబ్బరు డ్యాంపరు తప్పకుండా పెట్టండి.

హోల్డరును అద్దం కాడకు బిగిస్తే అదురు ఎక్కువ. హ్యాండిల్ మధ్యలో, స్టెమ్‌కు దగ్గరగా బిగించండి. మీటరు కనబడాలి, తాళం తిరగాలి, హ్యాండిల్ పూర్తిగా తిప్పినా ఫోను విండ్‌షీల్డుకు తగలకూడదు. అయస్కాంతంతో పట్టుకునే హోల్డర్లు ఈ బండికి వద్దు, మీటర్లో ఉన్న దిక్సూచి దారి తప్పుతుంది.

ఎండ గురించి మన జిల్లాల వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెలలో పొదిలి రోడ్డు మీద పదకొండు గంటలకు ఫోను స్క్రీను మసకబారుతుంది, చార్జింగ్ ఆగిపోతుంది, చివరకు ఫోనే ఆఫ్ అవుతుంది. వాటర్‌ప్రూఫ్ కవరులో పెడితే ఇంకా తొందరగా ఉడుకుతుంది, ఆ కవరు వానకే ఉంచండి. నేను ఎండలో స్క్రీను ఆపేసి, హెల్మెట్‌లో బ్లూటూత్ పెట్టుకుని మాట మాత్రమే వింటాను. గూగుల్ మ్యాప్స్ తెలుగులోనే దారి చెబుతుంది. ఫోను కూడా చల్లగా ఉంటుంది, నా కళ్ళు కూడా రోడ్డు మీద ఉంటాయి. బండి నడుపుతూ ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అది కూడా ఏకాగ్రత చెడకుండా వాడాలని 2020 అక్టోబరు నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. దారి మార్చాలంటే పక్కకు ఆపండి.

బయల్దేరే ముందు రోజు ఇంట్లో వైఫై మీద ఆ ప్రాంతం మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకపోయినా మీరు ఎక్కడున్నారో ఫోనుకు తెలుస్తుంది, అది ఉపగ్రహాల నుంచి వచ్చేది. సిగ్నల్ లేకపోతే రానిది మ్యాపు బొమ్మ. దోర్నాల నుంచి శ్రీశైలం వరకు నల్లమలలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీశాఖ గేటు మూస్తుంది కూడా, కాబట్టి మ్యాపు చూపించే టైమును మాత్రమే నమ్ముకుని సాయంత్రం బయల్దేరకండి. ఇంకొక సంగతి. టూ వీలర్ మోడ్‌లో మ్యాపు అప్పుడప్పుడు సాగర్ కాలువ గట్ల మీదికి దారి చూపిస్తుంది. ఖాళీ బండితో అది హాయిగానే ఉంటుంది. రెండు సంచులు నిండుగా ఉండి, వెనక మనిషి ఉంటే, నల్లరేగడి తడిసిన గట్టు మీద బండి ఆగదు. గట్టు కనబడగానే దారి మార్చుకోండి.

స్టేలు, సంచులు

రెండో ఆదివారం మొత్తం దీనికే. స్టే అంటే సంచీని చక్రానికి, సైలెన్సర్‌కు దూరంగా పట్టుకునే ఇనుప చట్రం. మూడు చోట్ల బిగింపు ఉన్నది చూసి కొనండి: ముందు కొస వెనక కూర్చునేవాళ్ళ ఫుట్‌రెస్ట్ దగ్గర, పై కొస సీటు పక్కన, వెనక కొస క్యారియర్ దగ్గర. రెండే బిగింపులుంటే మూడో కొస ఊగుతుంది, ఊగే ఇనుము ఎక్కడో ఒక చోట పగులుతుంది.

ఒక బోల్టు బిగించేసి రెండో దానికి పోవడం చాలామంది చేసే పొరపాటు. రెండో రంధ్రం కలవదు, రాడ్డుతో తోసి కలుపుతారు. అలా తోసిన ఇనుములో ఆ ఒత్తిడి ఉండిపోతుంది, వెయ్యి కిలోమీటర్ల తర్వాత వెల్డింగ్ దగ్గర వెంట్రుకలాంటి గీత కనిపిస్తుంది. మేము అన్ని బోల్టులూ చేత్తో మూడు నాలుగు చుట్లు మాత్రమే ఎక్కించి, చట్రాన్ని అటూ ఇటూ కదిలించి, అది తనంతట తాను కుదురుకున్నాక వరసగా కొంచెం కొంచెంగా బిగించాం. ఎడమ వైపు ఒక రంధ్రం రెండు మిల్లీమీటర్లు కలవలేదు. తోయలేదు, మందపు వాషర్ ఒకటి వేశాం, సరిపోయింది. మర మీద నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) రెండు చుక్కలు వేయండి. ఎర్రది వద్దు, అది వేడి చేస్తే గానీ విడవదు. నట్లు నైలాన్ రింగు ఉన్నవి వాడండి. చివర్లో నట్టు మీద నుంచి ఫ్రేము మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. గీత తెగి కనిపిస్తే నట్టు తిరిగినట్టు, స్పానర్ పెట్టకుండానే తెలుస్తుంది.

స్టే బిగించడానికి చీరె గార్డు అడ్డమొస్తుంది. చాలామంది తీసి పక్కన పడేస్తారు. మావాడు కూడా స్క్రూ విప్పడం మొదలుపెట్టాడు. "వేసవిలో పెళ్ళి పెట్టుకుని అది తీసేస్తావేంట్రా?" అన్నాను. వెనక కూర్చునే వాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా మూయాలని చట్టంలోనే ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో నేను చూశాను, ఇంకోసారి చూడలేను. గార్డును రెండు కొసల్లో వంచి, స్టే లోపలి వైపుకు బిగించాం. గంట పని.

ఇప్పుడు బరువు. వేలాడదీసే డిజిటల్ త్రాసు ఒకటి కొనండి, చాలా చవక. ఎడమ, కుడి సమానంగా ఉండాలని అందరూ చెబుతారు, అది సగమే నిజం. ఈ బండికి సైలెన్సర్ కుడివైపు పైకి ఉంటుంది, కాబట్టి కుడి సంచీ బయటికి ఎక్కువ జరుగుతుంది. టేపుతో కొలిస్తే బండి నడుమ నుంచి ఎడమ సంచీ మధ్యకు 30 సెంటీమీటర్లు, కుడి సంచీ మధ్యకు 38. కావడి లెక్కే ఇది. ఎడమ 8 కిలోలుంటే 30తో హెచ్చిస్తే 240. దాన్ని 38తో భాగిస్తే కుడికి ఆరుంపావు కిలోలు. అప్పుడే హ్యాండిల్ ఎటూ లాగదు. బరువైనవి సంచీ అడుగున, ముందు వైపుకు. బట్టలు పైన.

సైలెన్సర్‌కూ సంచీకీ మధ్య కనీసం నాలుగు వేళ్ళ సందు ఉండాలి. అది బండి ఖాళీగా ఉన్నప్పుడు కాదు, ఇద్దరు కూర్చుని షాక్ దిగినప్పుడు. మావాణ్ణీ వాడి స్నేహితుణ్ణీ కూర్చోబెట్టి, గట్టిగా కిందికి నొక్కమని, టైరుకూ చైనుకూ సైలెన్సర్‌కూ సంచీ ఎంత దూరంలో ఉందో చూశాను. లోపలి పట్టీ కొస ఒకటి చైనుకు అంగుళం దూరంలో వేలాడుతోంది. పట్టీలన్నిటి కొసలూ చుట్టి వెల్క్రోతో కట్టేశాం. కొక్కేలున్న రబ్బరు తాళ్ళు మాత్రం వాడకండి. కట్టేటప్పుడు జారితే కొక్కెం కంటికే వస్తుంది, దారిలో జారితే చక్రంలోకి పోతుంది. బకిల్ ఉన్న బెల్టులు వాడండి.

టాప్ బాక్సు బిగించడం తేలిక, వాడటమే జాగ్రత్తగా చేయాలి. దాని మీద గరిష్ఠ బరువు రాసి ఉంటుంది, చదవండి. హిమాలయన్ రెండు చక్రాల మధ్య దూరం 1,465 మిల్లీమీటర్లు. పెట్టె మధ్యభాగం వెనక ఇరుసు కన్నా 40 సెంటీమీటర్లు వెనక ఉంది. అందులో 8 కిలోలు పెడితే ముందు చక్రం మీద రెండు కిలోలకు పైగా బరువు తేలిపోతుంది. నేషనల్ హైవే 16 మీద లారీని దాటేటప్పుడు కొట్టే గాలికి హ్యాండిల్ సన్నగా వణికితే కారణం ఇదే. మేము పెట్టెలో వాన కోట్లు, మందులు, తిండి, మొత్తం నాలుగు కిలోలు మించనివ్వలేదు. బండి మీద పెట్టే పెట్టెకు 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు దాటకూడదని 2020లో కొలతలు కూడా ఇచ్చారు. పెద్దది కొనేముందు టేపు పెట్టండి.

బరువెక్కాక

సామాను ఎక్కించేటప్పుడు బండి సెంటర్ స్టాండు మీదే ఉండాలి. సైడు స్టాండు మీద బరువు పెరిగే కొద్దీ వెనక దిగి బండి నిటారుగా లేస్తుంది, చిన్న తోపుకు కుడివైపు పడిపోతుంది. ఎండకు మెత్తబడిన తారులో స్టాండు దిగిపోతుంది కూడా. అరచెయ్యంత ఇనుప రేకు ఒకటి వెంట ఉంచుకుని దాని కింద వేయండి.

వెనక షాక్ ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగువు) రెండు మెట్లు బిగించాం. టైర్లలో గాలి బండి పుస్తకంలో ఇద్దరికి రాసినంత పట్టాం. చైను వదులు బరువుతో మళ్ళీ చూశాం. రాత్రి గోడకు ఎదురుగా బండి పెట్టి హెడ్‌లైటు కిందికి దించాం, వెనక దిగితే వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది.

తర్వాత అన్నీ నింపుకుని ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి దాకా పోయి వచ్చాం, దాదాపు వంద కిలోమీటర్లు. చీమకుర్తిలో టీకి ఆగినప్పుడు నెయిల్ పాలిష్ గీతలు చూశాం. కుడి వెనక నట్టు గీత పావు అంగుళం పక్కకు జరిగింది. బిగించాం. ఇంటికొచ్చి మళ్ళీ చూస్తే కదల్లేదు. ఫ్యూజు హోల్డరుకు టేపుతో ఇంకో 3 ఆంపియర్ల ఫ్యూజు అంటించి, సీటు వేసేశాం.

శ్రీశైలం పోయే రోజు పొద్దున మా అక్క రెండు కిలోల ఆవకాయ స్టీలు డబ్బా తెచ్చి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ సంచీ విప్పి అడుగున ముందు మూలకు పెట్టాడు. తర్వాత త్రాసు తీసి, ఒక బాటిల్లో కిలోన్నర నీళ్ళు తూచి నింపి, కుడి సంచీలో పెట్టాడు.